మిలిటరీలో కమిషన్ నూటికెంత?

ఆ రోజుల్లో ఏ ఫలితమైనా తీరిగ్గా వచ్చేది. ఇప్పుడు మా మనవడు పరీక్ష రాసి వచ్చి, చెప్పులు విప్పేలోపే ఫోనులో మార్కులు చూసుకుని ఏడ్వాలో నవ్వాలో గుమ్మంలోనే తేల్చేసుకుంటున్నాడు. మా కాలంలో అలా కాదు. వెళ్ళినవాడు వెళ్ళి వచ్చేవాడు, ఆ తర్వాత అంతా పోస్టుమాను దయ. ఆ మధ్యలో ఉండే వారాలూ నెలలూ ఏం చేయాలో ఎవరూ చెప్పరు. అన్నం తింటూ ఎదురుచూడాలి, పని చేసుకుంటూ ఎదురుచూడాలి, అడిగిన ప్రతివాడికీ "ఇంకా రాలేదు" అని నవ్వుతూ చెప్పాలి. నేను జీవితంలో చాలా వాటికోసం ఎదురుచూశాను (ప్రమోషన్ కోసం చూసింది ఇంకో పెద్ద కథ), కానీ నన్ను మిలిటరీ ఆఫీసరుగా తీసుకుంటారా లేదా అని ఎదురుచూసిన ఆ కందుల సీజను గుర్తొస్తే మాత్రం ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే మా నాయన గుర్తొస్తాడు.

మా నాయనకు తాండూరు గంజులో అడ్తి దుకాణం ఉండేది. గంజు అంటే ధాన్యం, పప్పుల బజారు; ఎరగని వాళ్ళకోసం చెప్తున్నాను. రైతు కందులు తెచ్చి దుకాణం ముందు కుప్ప పోస్తాడు. కొనే వ్యాపారి వచ్చి గుప్పిట్లోకి తీసుకుని, ఊది, నోట్లో వేసుకుని చూస్తాడు. ఆ ఇద్దరి నడుమ నిలబడి, ఇద్దరిచేతా తిట్లు తిని, బేరం కుదిర్చి, తూకం వేయించి, నూటికి ఇంత అని తన కమిషన్ తీసుకునేవాడు అడ్తిదారు. మా ఇంట్లో ఉప్పూ పప్పూ, నా చదువూ, చివరికి నేను తలకు రాసుకునే నూనె కూడా ఆ కమిషన్ లోంచే వచ్చాయి. అయినా డిగ్రీ చేతికొచ్చేసరికి నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. ఒకరోజు గంజు మధ్యలో నిలబడి, "నేను గీ కమిషన్ బతుకు బతకను!" అని అనేశాను. (ఆ వయసులో మనిషి ఏ మాటైనా నలుగురూ వినేచోటే అంటాడు.) నేను వికారాబాదు తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, స్టేషను దగ్గర ఒక గది తీసుకున్నాను. శనివారం సాయంత్రం ప్యాసింజరులో తాండూరు, సోమవారం పొద్దున మళ్ళీ వికారాబాదు. మా తండ్రీకొడుకుల మధ్య "వచ్చినవా?" "వచ్చిన." "పోతున్నవా?" "పోతున్న." ఇంతకు మించి మాటల్లేవు.

అలాంటి రోజుల్లో చైనా యుద్ధం వచ్చింది. అది ముగిసినా, చదువుకున్న కుర్రాళ్ళు మిలిటరీలో ఆఫీసర్లుగా చేరాలని పేపర్లలో ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. ఆ ఆఫీసరు హోదాకే కమిషన్ అని పేరు. కచేరీలో పహాణీలు, అంటే ఊళ్ళ పొలాల లెక్కలు, నకలు రాసి రాసి వేళ్ళు వంకరపోతున్న నాకు ఆ ప్రకటన చూడగానే ఒంట్లో పౌరుషం పొంగింది. ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టాను, పిలిచారు, జ్వరమని సెలవు రాసి రైలెక్కాను. సెలక్షన్ బోర్డు వాళ్ళు మా ఛాతీకి ఒక్కొక్క అంకె కట్టి, మసకగా ఉన్న బొమ్మ ఒకటి చూపించి కథ రాయమన్నారు. అందరూ నాయకులూ వంతెనలూ అని రాస్తే, నాకు ఆ బొమ్మలో ఎంత చూసినా కందుల బస్తా మోస్తున్న హమాలీయే కనిపించాడు. అదే రాశాను. చెక్కపలకా తాడూ ఇచ్చి కాలువ దాటమన్నారు. పలక ఒక్కటే దాటింది, నేను కాలువలో దిగాను. అయినా ఏం నచ్చిందో, చివరిరోజు చదివిన అంకెల్లో నాదీ ఉంది! మెడికల్ పరీక్షలు చేసి, ఆఖరు జాబితా తయారయ్యాక ఇంటికి తెలియజేస్తామని పంపించారు. అడ్రసు అడిగితే, గది అద్దెది గనక, తాండూరు దుకాణం అడ్రసే ఇచ్చాను.

తిరుగు ప్రయాణంలో వికారాబాదులో దిగాలనిపించలేదు. నేరుగా తాండూరు పోయాను. నాయన అప్పుడే దుకాణం మూసి వచ్చి, ఇంటి ముందు బండల అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఏడాదిగా సరిగా మాట్లాడని మనిషితో మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు అనేశాను.

"నాయనా, నాకు కమిషన్ వచ్చేటట్టున్నది."

నాయన చెంబు కింద పెట్టాడు. "ఏంది?"

"కమిషన్. మిలిటరీల."

"మిలిటరీల కమిషనా?" అని నన్ను కిందినుంచి పైదాకా చూసి, "నూటికెంత?" అన్నాడు.

నూరుమంది పోతే ఎంతమందిని తీసుకుంటారని అడుగుతున్నాడనుకున్నాను. అంత తెలివైన ప్రశ్న వేసినందుకు ముచ్చట కూడా వేసింది. "నూటికి మూడు పడుతుండొచ్చు నాయనా. అంతకన్న ఎక్కువైతే ఉండది" అన్నాను.

"మూడు తక్కువనారా? గంజుల రెండు దాటితే కొట్లాటలైతయ్!" అన్నాడు నాయన. ఆ మాట నాకు సరిగా అర్థం కాలేదు, కానీ ఆయన ముఖం వెలిగిపోతుంటే అడ్డుపడబుద్ధి కాలేదు. "పక్కానా మరి?"

"ఇంక పక్కా గాలె. మెడికల్ జేసిండ్రు. కండ్లు బాగ చూసిండ్రు."

"చూడాలె మరి. పప్పుల రాయి దొరకవట్టాలంటె కండ్లు మంచిగుండాలె గద!"

నాయన హాస్యమాడుతున్నాడనుకున్నాను. నాతో ఆయన హాస్యమాడి ఎంత కాలమైంది! నేను పకపకా నవ్వాను. నన్ను చూసి ఆయనా నవ్వాడు. "ట్రైనింగు గూడ ఉంటది" అంటే, "మంచిదే, నీకు తూకం రాదు, వాళ్ళన్న నేర్పిస్తరు" అన్నాడు. దానికీ నవ్వాను. ఇంతలో మా అమ్మ లోపలినుంచి వచ్చి, మిలిటరీ అన్న ముక్క మాత్రం చెవిన పడిందేమో, "లడాయికి గిట్ల పోవుడు లేదు గద?" అని గాభరాగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాయన, "లడాయేందే పిచ్చిదానా? కమిషన్ అంటున్నడు గద!" అని కసిరాడు. అమ్మకు ప్రాణం కుదుటపడింది. వేడి వేడి పూర్ణం పోలెలు చేసి, నెయ్యి పోసి, నా పళ్ళెంలో ఒకటి తినకముందే ఇంకొకటి వేసింది. నోరు తీపి అయ్యాక ఇక యుద్ధం సంగతి ఎవరు ఎత్తుతారు?

అసలు సంగతి తెల్లవారి దుకాణానికి వెళితే గానీ నాకు తలకెక్కలేదు. పక్క దుకాణం సావుకారు (కర్ణాటక వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, మాట మాటకూ కన్నడం దొర్లేది) నాకోసమే కాచుకుని ఉన్నాడు. గుడ్డసంచిలోంచి గుప్పెడు కందిపప్పు తీసి నా అరచేతిలో పోసి, "తమ్మీ, చూడు. బంగారం! ఉడుకుతే ఎన్నపూసే, హౌదా? సిపాయిలు ఒక్కపారి తిన్నరంటె మల్ల ఇడ్వరు. కొనేది నీ చేతులనే ఉందంట గద. జర మమ్ముల యాదిల పెట్టుకో" అన్నాడు. నా అరచేతిలో పప్పు, నా బుర్రలో నిన్నటి మాటలు ఒక్కొక్కటే తిరిగాయి. నూటికెంత! పప్పులో రాయి! తూకం! ఇదేమిటని నాయన వైపు తిరిగాను. ఆయన గద్దె మీద కూర్చుని, మోమిన్‌పేట నుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులకు నన్ను చూపిస్తూ, "మావోడు. మిలిటరీ మాలంత ఇగ వీని చేతులకెళ్ళే పోతది" అంటున్నాడు. మావోడు! నేను గంజులో ఆ మాట అన్న తర్వాత నాయన నోట మళ్ళీ 'మావోడు' అని వినడం అదే మొదలు. చెప్పుదామని తెరిచిన నోరు అలాగే మూసుకుని, ప్యాసింజరుకు టైమవుతోందని స్టేషనుకు పరుగెత్తాను.

ఆ తర్వాత నా ఎదురుచూపు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. మామూలుగా అయితే రావాలని ఎదురుచూస్తారు. నేను రావాలనీ చూస్తున్నాను, వస్తే ఆ మనిషికి ఏం చెప్పాలో తెలియక భయపడుతూనూ చూస్తున్నాను. వస్తే, కొడుకు తన దారికొచ్చాడని సంబరపడుతున్న నాయనకు, కాదు, నేను తుపాకీ పట్టుకుని మంచుకొండల్లోకి పోతున్నానని చెప్పాలి. అయితే ఆశ మాత్రం చావలేదు. ట్రైనింగులో వెనకబడకూడదని పొద్దున్నే లేచి అనంతగిరి గుట్ట మీదికి పరుగెత్తడం మొదలుపెట్టాను. గుట్ట మీద ఊపిరితిత్తుల జబ్బుకు పెద్ద దవాఖాన ఉండేది. రోగులు మఫ్లర్లు చుట్టుకుని చెట్లగాలికి తిరుగుతుండేవాళ్ళు. మొదటిరోజు నేను రొప్పుకుంటూ, చెమటలు కారుస్తూ పైకి చేరేసరికి ఒక పెద్దమనిషి నన్ను ఆపి, వీపు నిమిరి, "గిట్ల ఉరుకొద్దు తమ్మీ, నెత్తురు పడుతది. ఏ వార్డు నీది?" అని అడిగాడు. నేను కాబోయే లెఫ్టినెంటునని చెబుదామంటే దగ్గొచ్చింది. ఆయన జాలిగా తల ఊపి, పట్టుకొమ్మని తన చేతికర్ర ఇవ్వబోయాడు.

శనివారం ఇంటికి పోతే అక్కడ సంచులు పెరుగుతుండేవి. గంజులో ఉన్న ప్రతి వ్యాపారీ నమూనా అని చెప్పి ఒక సంచి పప్పు మా ఇంటికి పంపాడు. నాయన అందులోంచి గుప్పెడు తీసుకుని, పద్ధతిగా మిగతాది వెనక్కి పంపేవాడు. ఆ గుప్పెళ్ళన్నీ అమ్మ విడివిడిగా ఉడకబెట్టి, "ఇది జర గట్టిపప్పు, సిపాయిలకు అరగది" అని తీర్పు చెప్పేది. ఆ సీజనంతా మా ఇంట్లో పప్పు తప్ప ఇంకో కూర ముఖం చూడలేదు. ప్రతి వారమూ ఈసారి చెప్పేస్తానని అనుకుంటూ రైలెక్కేవాణ్ణి. ప్రతి వారమూ పప్పు తిని తిరిగొచ్చేవాణ్ణి.

చివరికి చెప్పక తప్పని రోజు తనంతట తనే వచ్చింది. ఒక ఆదివారం నేను ఒంట్లో బాగాలేదన్న సాకుతో తాండూరు పోకుండా గదిలోనే ఉండిపోతే, పొద్దున బండికి నాయనే దిగాడు. నా గదికి ఆయన రావడం అదే మొదటిసారి. చేతిలో సద్దిమూట, అందులో (మళ్ళీ) పప్పు. నా నుదురు తాకి చూసి, జ్వరం లేదని తేల్చుకుని, మంచం మీద కూర్చున్నాడు. "ఒక మాట అడుగుదామని వచ్చిన. సావుకారు మాల్ మంచిదే గని, మనోడని జెప్పి ముందు వాని మాల్ తీసుకోకు. అందరిది చూడు. కమిషన్ తినెటోనికి పేరు ముఖ్యం" అన్నాడు. అంత నమ్మకంగా, అంత నెమ్మదిగా చెప్పేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నాయనా, మాల్ లేదు."

"ఏం మాల్ లేదు?"

"మిలిటరీల కమిషన్ అంటె కొనుడు అమ్ముడు గాదు. ఆఫీసరు నౌకరీ. దాని పేరే కమిషన్."

తనకు తెలిసిన లెక్కలోకి దాన్ని తెచ్చుకోవడానికి నాయన కష్టపడుతున్నాడని నాకు తెలుస్తోంది. "అయితె ఆడ ఒక దిక్కు ఎవరుంటరు, ఇంకో దిక్కు ఎవరుంటరు?" అని అడిగాడు.

"ఒక దిక్కు చైనావోడు. ఇంకో దిక్కు మనం."

"నడుమ?"

"నేను" అన్నాను.

నాయన లేచి కిటికీ దగ్గరకు పోయాడు. కింద స్టేషన్లో ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది. ఆయన అటే చూస్తూ, "మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. కొంచెం ఆగి, "నీకు గంత ఇష్టమా?" అన్నాడు. ఇష్టమేనన్నాను. "నిజంగనే?" నిజంగానే అన్నాను. "అయితె రానీ" అన్నాడు. అంతే. తిట్టలేదు, వద్దనలేదు. సద్దిమూట విప్పి, మేమిద్దరం ఆ పప్పన్నమే తిన్నాం. బండెక్కేటప్పుడు మాత్రం కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని బండి కదిలేదాకా విడవలేదు.

ఆ రోజునుంచి ఎదురుచూసేవాళ్ళం ఇద్దరమయ్యాం. పోస్టుమాను గంజులోకి రావడం చూడగానే నాయన గద్దె దిగి ఎదురుపోయేవాడట. నమూనాలు పట్టుకొచ్చిన వాళ్ళకు, "ఇంక పక్కా గాలె, ఆగుండ్రి" అని చెప్పి పంపేవాడు. ఎవరిని అడిగి తెలుసుకున్నాడో గానీ, కొండల మీద చలికి వేళ్ళు కొంకర్లు పోతాయని విని, కోట్‌పల్లి వైపు గొర్లకాపర్ల దగ్గర దొడ్డు గొంగడి ఒకటి తెచ్చి నా పెట్టెలో పెట్టాడు. "ఎండకాలం వస్తుంటె గొంగడేంది?" అని అమ్మ ముక్కున వేలేసుకుంటే, "మిలిటరీ గోదాములు మస్తు సల్లగుంటయంట" అన్నాడు. అమ్మ నమ్మింది. నేను తల వంచుకుని పప్పులో వేలు తిప్పుతూ కూర్చున్నాను.

ఫలితం వచ్చిన పూట నేను దుకాణంలోనే ఉన్నాను. ఆఖరి కందుల బండ్లు వస్తున్న రోజులు, గంజంతా జనం. పోస్టుమాను దూరంనుంచే, "మిలిటరీ నుంచి వచ్చింది!" అని కేక పెట్టాడు. ఇక చూసుకోండి, హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు, తూకాలు ఆగిపోయాయి, సావుకారు పంచె ఎగగట్టుకుని పరుగున వచ్చాడు. నేను కవరు చింపి చదివాను. మెడికల్ లో నెగ్గాను గానీ, ఆఖరు జాబితాలో నా పేరుకు చోటు దొరకలేదని, నా ఉత్సాహానికి ధన్యవాదాలని ఇంగ్లీషులో మర్యాదగా రెండు ముక్కలు. మళ్ళీ చదివాను. ధన్యవాదాలు మాత్రం అక్కడే ఉన్నాయి. చుట్టూ అన్ని ముఖాలు. ఎవరో "ఏమైంది తమ్మీ?" అన్నారు. నాయన నా ముఖం చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ అది చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

"రేటు కుదరలె" అన్నాడు నాయన, గంజంతా వినపడేటట్టు.

"అరెరె! ఏమాయె అన్నా?" అన్నాడు సావుకారు.

"ముందు మూడన్నరు. ఇప్పుడేమో సగం ఇస్తమంటున్నరు. మేమే వద్దన్నం."

గంజు గంజంతా ఒక్కటై, "మంచి పని చేసిండ్రు!" అంది. సావుకారు నా భుజం మీద చరిచి, "సర్కారోళ్ళతోని గిట్లనే ఉంటది తమ్మీ. ఒక్కపారి తగ్గినమంటె ఇగ తగ్గిస్తనే ఉంటరు. శభాష్!" అన్నాడు. హమాలీలు కూడా నన్ను గౌరవంగా చూసి బస్తాలు ఎత్తుకున్నారు. తూకాలు మళ్ళీ మొదలయ్యాయి. ఓడిపోయి తలదించుకోవాల్సిన నేను, భారత సైన్యంతో బేరం తెగక లేచొచ్చిన మొనగాడిలా అక్కడ నిలబడ్డాను.

ఇంటికి నడుస్తుంటే నాయన ఒక్కసారి ఆగాడు. "నీకు రాలేదని ఏడ్పొస్తున్నదిరా. నువ్వు పోతలేవని సంబురమైతున్నది. రెండు ఒక్కపారే గావట్టె. ఏంజెయ్యాలె?" అన్నాడు. నాకూ అలాగే ఉంది.

కానీ అసలు దెబ్బ ఇంట్లో తగిలింది. విషయం మాకంటే ముందే చేరిపోయింది. అమ్మ కొంగు నడుముకు దోపుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. నన్ను ఏమీ అనలేదు. నాయన మీద విరుచుకుపడింది. "నీ బేరం పాడుగాను! పొద్దున లేస్తె బేరం, పండుకుంటె బేరం! పిల్లగాని బతుకు కాడ గూడ బేరమేనా? ఇచ్చిందేదో తీసుకుంటె ఏంబోయె? ఎన్ని దినాల సంది ఆశ పెట్టుకుండె పోరడు! ముఖం చూడు ఎట్లయిందో!" అని అంటూనే ఏడ్చేసింది. నేను "అమ్మా, అది కాదు..." అని మొదలుపెట్టబోతే, నాయన నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలి, లోపలికి పోయి పళ్ళెం ముందు కూర్చున్నాడు. తిట్లన్నీ తిన్నాడు, పప్పూ తిన్నాడు.

నేను కచేరీలోనే ఉండిపోయాను. పహాణీలు రాస్తూ రాస్తూ జుట్టు నెరిసింది, రిటైరయ్యాను. 'మిలిటరీ వాళ్ళకే దిగిరాని మనిషి' అన్న పేరు మాత్రం గంజులో చాలా ఏళ్ళు నిలిచింది. నా పెళ్ళి మాటలప్పుడు మా మామగారు నాతో ఏ విషయమైనా మాట్లాడడానికి జంకేవారట. ఆ పేరు చూసుకుని నేను కూడా లోలోపల కొంచెం మీసం దువ్వుకున్న మాట నిజమే. ఇక మా అమ్మ నాయనను జన్మలో క్షమించలేదు. నా భార్య కాపురానికొచ్చిన కొత్తలో, పిల్లలు పుట్టాక, ఎప్పుడు సందు దొరికినా అదే పాట: "మీ మామ గన్క జర తగ్గుతె, మావోడు గిట్ల గుమాస్తాగిరి చేసెటోడా? ఎంత పెద్ద కమిషన్ ఉండె!" అమ్మ అలా అంటున్నప్పుడు నాయన అరుగు మీదినుంచి నా వైపు చూసేవాడు. నేను నోరు విప్పబోతే కళ్ళతోనే వద్దనేవాడు. ముసలితనంలో, మంచం పట్టిన రోజుల్లో కూడా అమ్మ ఒకసారి ఆ పాట ఎత్తితే, గోడవైపు తిరిగి ఉన్న మనిషి ఇటు తిరిగి, "నిజమేనే. నేనే జర దిగి రావల్సి ఉండె. తప్పు నాదే" అన్నాడు. అమ్మ అప్పటికి చల్లబడి, ఆయనకు దుప్పటి సర్దింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు నేను ఆయన వయసు దాటాను, కొడుకుల తరఫున ఏ బేరంలోనూ ఓడిపోవాల్సిన అవసరం నాకు రాలేదు. వచ్చి ఉంటే అంత నిబ్బరంగా ఓడిపోయేవాడినా అని అప్పుడప్పుడూ అనుకుంటాను, నవ్వుకుంటాను.